సీడెడ్ అంటే ఎవరు ఎవరికి రాసిచ్చారు?

కొత్త సినిమా విడుదలైన మర్నాడు మీ ఫోన్లో ఒక లెక్క తిరుగుతుంది. నైజాం ఇంత, సీడెడ్ ఇంత, ఉత్తరాంధ్ర ఇంత. ప్రొద్దుటూరులో మా పిల్లోళ్లు ఆ సీడెడ్ అంకె చూసుకుని మురిసిపోతారు. తమ హీరోది ఎక్కువైతే స్టేటస్, తక్కువైతే నిశ్శబ్దం. మొన్న నలుగురిని అడిగా, సీడెడ్ అంటే ఏందిరా అని. 'రాయలసీమకే ఇంకో పేరు అన్నా' అన్నారు.

తప్పేం లేదు. కానీ ఆ మాటకు అసలు అర్థం 'రాసిచ్చేసినది'. ఇంగ్లిష్ కంపెనీ వాళ్లు తమ కాగితాల్లో పెట్టుకున్న పేరు అది. తెలుగులో 'దత్త మండలాలు' అన్నారు. మా అబ్బ ఆ మాట వింటే ఒప్పుకునేవాడు కాదు. 'దత్తు ఇచ్చేదానికి మనమేమన్నా తల్లీ తండ్రీ లేనోళ్లమా' అనేవాడు. 1928లో నంద్యాల సభల్లో చిలుకూరి నారాయణరావు 'రాయలసీమ' అని పేరు పెడదామన్నారు, అది నిలిచింది. సినిమా వ్యాపారం మాత్రం పాత పేరుతోనే నడుస్తోంది. ఎవరు, ఎవరికి, ఎందుకు రాసిచ్చారు? ఈ వారం చెప్పాలనుకున్న కథ అదే. అయితే మొదలుపెట్టేది మాత్రం కడప నుంచి కాదు, ఇరాన్ నుంచి. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఇరాన్‌ను అప్పట్లో పర్షియా అనేవాళ్లు. 1905 నాటికి అక్కడి షా చేతిలో డబ్బు లేదు. 1900లో రష్యా దగ్గర 2 కోట్ల 25 లక్షల రూబుళ్లు, 1902లో మరో కోటి రూబుళ్లు అప్పు తెచ్చాడు. అందులో కొంత ఆయన యూరప్ విహారాలకే పోయింది. అప్పుకు తాకట్టు దేశం కస్టమ్స్ ఆదాయం. ఆ కస్టమ్స్ ఆఫీసును నడిపేది నౌస్ అనే బెల్జియం పెద్దమనిషి. ఆయన ఒక పార్టీలో ముల్లా వేషం వేసుకుని ఫొటో దిగాడు. వాట్సాప్ లేని రోజుల్లోనే ఆ ఫొటో ఊరూరా తిరిగింది. జనం మండిపడ్డారు. అదే ఏడాది డిసెంబరులో చక్కెర ధర పెరిగిందని టెహరాన్‌లో వ్యాపారుల్ని పట్టుకుని అరికాళ్ల మీద కొట్టించారు. బజారు మూతపడింది.

1906 వేసవిలో 12 వేల మందికి పైగా జనం టెహరాన్‌లోని బ్రిటిష్ రాయబారి తోటలోకి పోయి కూర్చున్నారు. వ్యాపారులు, విద్యార్థులు, చేతిపనుల వాళ్లు. అక్కడే గుడారాలు, అక్కడే పెద్ద పెద్ద డేగిసాల్లో వంట. 'మాకు చట్టసభ కావాలి, షా ఇష్టానికి కాకుండా చట్టం ప్రకారం పాలన కావాలి' అన్నది వాళ్ల కోరిక. ఆగస్టులో షా ఒప్పుకున్నాడు. అక్టోబరులో మజ్లిస్ కూర్చుంది. ఆ ఏడాది ముగిసేలోపు రాజ్యాంగం మీద సంతకం కూడా పడింది.

బ్రిటన్ తన తోట గేటు ఎందుకు తెరిచింది? ప్రజాస్వామ్యం మీద ప్రేమ కొంత ఉంటే ఉండొచ్చు. అసలు సంగతి ఏమిటంటే షా వెనక రష్యా ఉంది. రష్యా మనిషికి ఎదురు నిలబడిన వాళ్లు బ్రిటన్‌కు పనికొస్తారు. ఇరాన్ మీద బ్రిటన్‌కు అంత పట్టింపు ఎందుకు అంటే, దాని అవతల ఉన్నది మనం. బ్రిటిషోళ్ల లెక్కలో ఇరాన్ అనేది ఇండియా ఇంటికి ప్రహరీగోడ. ఆ గోడ రష్యా చేతికి పోకూడదు.

సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 1907 ఆగస్టు 31న, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఇదే బ్రిటన్, ఇదే రష్యా కూర్చుని రాజీ పడ్డాయి. జర్మనీ బలపడుతోందన్న భయం రెండింటినీ దగ్గర చేసింది. ఇరాన్ ఉత్తర భాగం రష్యా పలుకుబడికి, ఆగ్నేయ భాగం బ్రిటన్‌కు, మధ్యలోది ఇద్దరికీ ఖాళీ. ఇరాన్‌ను ఎవరూ అడగలేదు, సంతకాలయ్యాక చెప్పారంతే. ఆ ఒప్పందం మొదటి వాక్యాల్లోనే ఇరాన్ స్వాతంత్ర్యాన్ని గౌరవిస్తున్నాం అని రాసుకున్నారు చూడండి, అది నాకు భలే నచ్చింది. 1908 జూన్ 23న కొత్త షా మజ్లిస్ భవనం మీద ఫిరంగులు పేల్పించాడు. పేల్చింది కొసాక్ బ్రిగేడ్. సిపాయిలు ఇరానీలు, ఆఫీసర్లు రష్యన్లు, హుకుం ఇచ్చింది కర్నల్ లియాఖోవ్. ఈసారి బ్రిటన్ ఉద్యమం వెనక నిలబడలేదు.

ఇది చదువుతుంటే నాకు కడప గుర్తొచ్చింది. ఊరికే గుర్తు రాలేదు. సిపాయిలు ఇక్కడోళ్లు, ఆఫీసర్లు బయటోళ్లు, జీతాలకు తాకట్టు మన భూమి. ఈ ఏర్పాటు టెహరాన్‌కు చేరక ముందే మన దగ్గర నూటయాభై ఏళ్ల పాతది.

గండికోట రీల్స్ మీరందరూ చూసుంటారు. జమ్మలమడుగు నుంచి పోయి, పెన్నా లోయ అంచున నిలబడి, డ్రోన్ ఎగరేసి వచ్చేస్తారు. ఆ కోట పెమ్మసాని వాళ్ల చేతి నుంచి 1650లో గోల్కొండ సేనాపతి మీర్ జుమ్లాకు పోయింది. ఆయన పుట్టింది ఇరాన్‌లోనే, ఇస్ఫహాన్ వైపు. 1652లో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే గండికోటకు వచ్చి ఆయన్ను కలిశాడు. మీర్ జుమ్లా అక్కడ ఫిరంగులు పోతపోయించే పని పెట్టుకుంటే, ఆ పనిలో ఉన్నవాడు కూడా ఒక ఫ్రెంచివాడే. ఇరాన్ మనిషి, ఫ్రెంచి పనివాడు, పెన్నా ఒడ్డు. గ్లోబలైజేషన్ అనే మాట మనకు చాలా ఆలస్యంగా వచ్చింది.

గోల్కొండ పోయి మొగలాయిలు వచ్చారు. తర్వాత కడపలో మయానా నవాబులు, హైదరాబాదులో నిజాం. దఫ్తరు భాష పారశీకం. ఇప్పటికీ ప్రొద్దుటూరు రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర ఓ గంట నిలబడండి. దస్తావేజు, దరఖాస్తు, గుమాస్తా, సర్కారు, పక్కనున్న పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు. అన్నీ ఇరాన్ నుంచి నడిచొచ్చిన మాటలే.

1748లో మొదటి నిజాం చనిపోయాడు. గద్దె కోసం కొడుకు నాసిర్ జంగ్ ఒకవైపు, కూతురి కొడుకు ముజఫర్ జంగ్ ఇంకోవైపు. ఇంట్లో తగాదా ఇంట్లోనే తేలుంటే కథ వేరుగా ఉండేది. పాండిచ్చేరిలో డూప్లే అనే ఫ్రెంచి గవర్నర్ ముజఫర్ పక్షం పట్టాడు. ఫ్రెంచోళ్లు అటుంటే మేమిటు అని మద్రాసు ఇంగ్లిషోళ్లు నాసిర్ వైపు చేరారు. కడప, కర్నూలు, సావనూరు నవాబులు నాసిర్ జంగ్ సైన్యంతోనే ఉన్నారు గానీ, లోలోపల డూప్లేతో ఉత్తరాలు నడుపుతున్నారు. కట్టాల్సిన కప్పం తగ్గించాలి, కొంత భూమి ఇవ్వాలి. ఇదీ బేరం.

1750 డిసెంబరులో సెంజి కోట దగ్గర తెల్లవారుజామున ఫ్రెంచి దళం నాసిర్ జంగ్ గుడారాల మీద పడింది. నవాబుల సైన్యం కదలకుండా నిలబడి ఉంది. నాసిర్ జంగ్ ఏనుగు మీద నేరుగా కడప నవాబు దగ్గరికి పోయి, పిరికివాడా అని తిట్టాడట. నవాబు తుపాకీ ఎత్తి గుండెలోకి కాల్చాడని ఇంగ్లిష్ చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ రాశాడు. అప్పటిదాకా అదే గుడారాల్లో ఖైదీగా ఉన్న ముజఫర్ జంగ్‌ను క్షణాల్లో దక్కన్‌కు దొరను చేసేశారు. పాండిచ్చేరిలో దర్బారు జరిగింది. కృష్ణానదికి దక్షిణాన ఉన్న దేశమంతటికీ డూప్లే అధిపతి అని ప్రకటించారు. అంటే కాగితం మీద మన జమ్మలమడుగు, పులివెందుల కూడా అందులోవే. జమ్మలమడుగులో ఈ సంగతి తెలిసినోళ్లు ఎంతమంది ఉండి ఉంటారో మీరే ఊహించుకోండి.

నవాబులకు ఇచ్చిన మాట మాత్రం నెరవేరలేదు. 1751 మొదట్లో ముజఫర్ జంగ్ హైదరాబాదుకు బయల్దేరాడు. వెంట బుస్సీ అనే ఫ్రెంచి సేనాని, 300 మంది ఫ్రెంచివాళ్లు, 2 వేల మంది సిపాయిలు. దారి కడప నవాబు సీమలోంచే. ఓర్మ్ చెప్పిందాని ప్రకారం, సైన్యంలో కొంతమంది గుర్రపు రౌతులకూ ఒక పల్లె జనానికీ గొడవైంది. ఆ ఊరితో పాటు ఇంకో రెండు ఊళ్లు తగలబెట్టేశారు. నవాబు దాన్ని సాకుగా తీసుకుని సైన్యం వెనక భాగం మీద పడ్డాడు. చరిత్ర పుస్తకంలో ఆ మూడు ఊళ్లకు దక్కింది ఒక వాక్యం. ఆ వాక్యం దగ్గర నేను కాసేపు ఆగిపోయా. గద్దె ఎవరిది, ఫ్రెంచి గొప్పా ఇంగ్లిష్ గొప్పా అన్న తగాదాలో ఇళ్లు పోయింది వాళ్లవి.

రాయచోటి పక్కన, లక్కిరెడ్డిపల్లె కొండల మధ్య యుద్ధం జరిగింది. ఫ్రెంచి ఫిరంగుల ముందు నవాబులు నిలవలేకపోయారు. సావనూరు నవాబు చచ్చాడు, కడప నవాబు గాయాలతో పారిపోయాడు. ముజఫర్ జంగ్ ఆవేశంగా కర్నూలు నవాబును తరుముకుంటూ పోయి, అతని ఈటె తలలో దిగి అక్కడికక్కడే పోయాడు. కర్నూలు నవాబు కూడా బతకలేదు. రెండు నెలల దొరతనం అంతటితో సరి.

ఇప్పుడు దక్కన్‌కు దొర ఎవరు? ఆ రాత్రి తేల్చింది బుస్సీ. అదే సైన్యంలో కాపలాలో ఉన్న నాసిర్ జంగ్ తమ్ముడు సలాబత్ జంగ్‌ను బయటికి తెచ్చి, ఇతనే అన్నాడు. హైదరాబాదు గద్దె మీద ఎవరు కూర్చోవాలన్నది పాత కడప జిల్లాలోని ఒక పల్లె దగ్గర, 300 మంది ఫ్రెంచోళ్ల సేనాని తేల్చేశాడు. ఇంత పెద్ద సంగతి జరిగిన చోట మనం టీ తాగి బస్సెక్కి వెళ్లిపోతుంటాం.

సలాబత్ జంగ్‌ను నిలబెట్టిన ఫ్రెంచి సైన్యానికి జీతాలు ఎవరివ్వాలి? సలాబత్ జంగే. ఖజానాలో డబ్బు లేకపోతే? 1753లో ఏలూరు, రాజమండ్రి, చికాకోల్ లాంటి కోస్తా సర్కారులు వాళ్లకు రాసిచ్చాడు. రాసివ్వడం అనే అలవాటు అక్కడ మొదలైంది. ఐదేళ్లకు ఇంగ్లిషోళ్లు చందుర్తి దగ్గర ఫ్రెంచోళ్లను ఓడించి, మరుసటి ఏడాది మచిలీపట్నం పట్టుకుని ఆ సర్కారుల మీద కన్నేశారు. అది వేరే కథ, ఇంకో వారం చెప్పుకుందాం.

మన సీమలోకి వద్దాం. కడప నవాబుల తర్వాత హైదర్ అలీ వచ్చాడు, టిప్పు వచ్చాడు. 1792లో టిప్పు ఓడిపోయి కడప, గండికోట వైపు సీమను నిజాంకు వదులుకున్నాడు. అప్పటి నిజాం అలీ ఖాన్ దగ్గర రేమండ్ అనే ఫ్రెంచి సేనాని ఉండేవాడు. హైదరాబాదులో మూసారాంబాగ్ అంటే ఆయన పేరే అంటారు, సమాధి కూడా అక్కడే ఉంది. ఆయన దళానికి జీతాల కింద నిజాం ఇచ్చింది ఏమిటో తెలుసా? కడప సీమ ఆదాయం. అవును, మళ్లీ అదే పద్ధతి.

మద్రాసుకు ఇంత దగ్గరలో ఫ్రెంచి ఆఫీసర్లు తిరుగుతుంటే కంపెనీకి నిద్ర పట్టలేదు. అవతల యూరప్‌లో ఫ్రాన్స్‌తో యుద్ధం నడుస్తోంది. 1795లో గవర్నర్ జనరల్ జాన్ షోర్ గట్టిగా పట్టుబట్టి కడప నుంచి రేమండ్ దళాన్ని వెనక్కి పిలిపించాడు. ఇక్కడొక సంగతి గమనించండి. అదే ఏడాది మార్చిలో ఖర్దా దగ్గర మరాఠాల చేతిలో నిజాం చిత్తుగా ఓడిపోతే, సాయానికి రాని కంపెనీ మీద కోపంతో వాళ్ల పటాలాలను పంపించేసి రేమండ్ దళాన్ని పెంచుకున్నాడు. అంటే ఇద్దరు బయటోళ్లు పోటీ పడుతున్నంతకాలం నిజాంకు కాస్త ఊపిరాడేది. ఇతను కాదంటే అతను ఉన్నాడు అనే బేరం చేతిలో ఉండేది.

1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. సెప్టెంబరు 1న నిజాం కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. 6 పటాలాల కంపెనీ సైన్యం హైదరాబాదులో ఉంటుంది, ఖర్చు ఏటా 24 లక్షల రూపాయల పైచిలుకు, ఇచ్చేది నిజాం. బదులుగా ఫ్రెంచి దళం పోవాలి. అక్టోబరులో జీతాల బాకీ కోసం తమ ఆఫీసర్ల మీదే తిరగబడి ఉన్న ఫ్రెంచి దళం సిపాయిలను కంపెనీ పటాలాలు చుట్టుముట్టాయి. సుమారు 14 వేల మంది దళం, యుద్ధమే లేకుండా ఒక్క రోజులో ఆయుధాలు కింద పెట్టేసింది.

పోటీ అయిపోయింది. ఇక రెండేళ్లు కూడా పట్టలేదు. 1800 అక్టోబరు 12న ఇంకో ఒప్పందం. కంపెనీ సైన్యం పెరిగింది, దానికి నగదు బదులు భూమి, అదీ శాశ్వతంగా. 1792లో, 1799లో టిప్పు రాజ్యం పంచుకున్నప్పుడు నిజాంకు వచ్చిన వాటాయే ఇప్పుడు కంపెనీకి పోయింది. బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు కొంత. ఒప్పందం పేరు 'శాశ్వత రక్షణ మైత్రి'. సెయింట్ పీటర్స్‌బర్గ్ కాగితంలోని గౌరవం, హైదరాబాదు కాగితంలోని మైత్రి. రాసినవాళ్లది ఒకే బడి.

పెద్దోళ్ల పోటీ మనకు ప్రమాదం అని అందరూ అంటారు. ఆ మూడు ఊళ్ల జనాన్ని అడిగితే ఔననే చెప్తారు. నాకు అనిపించేది ఇంకొకటి: వాళ్లు రాజీ పడినప్పుడో, ఒకడు పూర్తిగా గెలిచినప్పుడో మిగిలేది ఇంకా ఘోరం. 1906లో టెహరాన్ జనానికి తోట దొరికింది పోటీ వల్ల. 1907 తర్వాత ఆ గేటు మూతపడింది. నిజాంకు 1798 దాకా ఉన్న బేరం ఆ తర్వాత లేదు.

ఇక్కడ పోలిక ఆపాలి. ఇరాన్‌లో లేచింది జనం. ఇక్కడ బేరాలు ఆడింది నవాబులు. వాళ్లేమీ అమాయకులు కారు, కప్పం తగ్గుతుందంటే ఎవరి గుడారమైనా తగలబెట్టించగలరు. ఇంకో పెద్ద తేడా, ఇరాన్‌లో 'వద్దు' అనడానికి ఒక సభ ఉంది. 1909లో తబ్రీజ్ ఊరు, సత్తార్ ఖాన్ లాంటి వాళ్లు పోరాడి షాను దింపాక మజ్లిస్ మళ్లీ కూర్చుంది. 1911లో ఖజానా సరిచేయడానికి మోర్గన్ షుస్టర్ అనే అమెరికన్‌ను పిలిచారు. ఎవరి అప్పూ అక్కర్లేకుండా పన్నులు రాబట్టే పని మొదలుపెట్టాడు. నవంబరులో రష్యా హుకుం పంపింది: అతన్ని తీసేయండి, ఇకమీదట మమ్మల్ని అడక్కుండా ఏ విదేశీయుణ్ణీ పెట్టుకోవద్దు. మజ్లిస్ ఒప్పుకోలేదు. ముసుగుల కింద పిస్తోళ్లు పట్టుకుని ఆడవాళ్లు సభకు వచ్చి, లొంగితే ఊరుకోం అన్నారని షుస్టర్ రాశాడు. డిసెంబరులో రష్యా సైన్యం నడిచొస్తుంటే ఇరాన్ మంత్రులే మజ్లిస్ తలుపులు మూయించారు. దక్షిణాన షీరాజ్‌లో అప్పటికే మన దేశపు రౌతులున్నారు, సెంట్రల్ ఇండియా హార్స్ అనే దళం. తెచ్చింది బ్రిటన్.

మన దగ్గర 1800లో అలాంటి సభ లేదు. ప్రొద్దుటూరు రైతును గానీ, పులివెందుల పక్కన వేముల పాళెగాణ్ణి గానీ ఎవరూ అడగలేదు. అందుకే కాగితం మీద లేని 'వద్దు' కోటల్లోంచి వచ్చింది. థామస్ మన్రో కలెక్టరుగా దిగేసరికి ఈ సీమలో సుమారు 80 మంది పాళెగాళ్లు, వాళ్ల కింద వేలమంది బంట్లు. ఏడేళ్లలో అందర్నీ అణిచాడు. కొందరి కోటలు కూలాయి, కొందరికి పింఛను దక్కింది. భూమి కొలిపించి ఒక్కో రైతుకు విడిగా శిస్తు కట్టాడు, అదే రైత్వారీ. పోయేముందు శిస్తు 25 శాతం తగ్గించమని పైవాళ్లకు రాశాడు కూడా. ఈ సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. నవాబు, మరాఠా, పాళెగాడు అంటూ ఏటా ముగ్గురు నలుగురికి కట్టి కట్టి అలిసిపోయినోళ్లకు ఒక్కడికే కట్టడం వరంలా కనిపించి ఉంటుంది. వాళ్లను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు.

కానీ పింఛన్ల లెక్క అక్కడితో తెగలేదు. అప్పట్లో కోవెలకుంట్ల కడప జిల్లాలోదే. ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి కంపెనీ ఇచ్చేది నెలకు పదకొండు రూపాయల చిల్లర. బంధువుల వాటా కూడా తనకే రావాలంటే కుదరదన్నారు. 1846లో కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. మిగతాది మీరు సినిమాలో చూశారు. 1847 ఫిబ్రవరి 22న ఉరి తీశారు. తలను కోట గుమ్మానికి వేలాడదీశారు. 1877 దాకా దాన్ని దించలేదు.